బాగుందని రాసుకున్న షాపు

మా ఖాలా పోయిందన్న కబురు నాకు బాపట్ల షాపులో అందింది. ఖాలా అంటే మా అమ్మ చెల్లెలు. తెనాలిలో కుట్టుమిషన్ల షాపు ఆమెది. బాపట్లలో, రేపల్లెలో ఉన్న చిన్న షాపులూ ఆమెవే. బాపట్లది నేను చూసుకుంటాను. ఆ పొద్దున షట్టర్ తీసి, ఎవరిదో మిషన్ వారంటీ చూద్దామని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. తెర మీద ఆ గుండ్రటి చక్రం తిరుగుతోంది. మా షాపులో రోజు మొదలయ్యేది దాని దర్శనంతోనే. ఫోన్ మోగింది. ఖాలా కొడుకు. "అమ్మీ పోయింది" అన్నాడు. తెల్లవారుజామున నమాజుకు లేచి, గుండె పట్టుకుని మంచం అంచున కూర్చుందట. మళ్ళీ లేవలేదు. నేను షట్టర్ దించి స్టేషన్‌కి పరుగెత్తాను. చక్రం అలా తిరుగుతూనే ఉండి ఉంటుంది, నాకేం.

తెనాలిలో ఇల్లంతా ఆడవాళ్ళే. సగం మంది చుట్టాలు, సగం మంది కస్టమర్లు. అమృతలూరు నుంచి వచ్చిన ఒకావిడ గుమ్మంలోనే కూలబడి, "నూనె వేశావా అని ఇక నన్నెవరు తిడతారమ్మా" అని ఏడ్చింది. సాయంత్రపు అసర్ నమాజు తర్వాత ఇంటినుంచి జనాజా లేచింది. ఆ లోపలే మిషన్ల కంపెనీ ఏరియా మేనేజర్ డీలర్ల గ్రూపులో సంతాపం పెట్టాడు. ఇంగ్లీషులో రెండు ముక్కలు, కింద వెలుగుతున్న దీపం బొమ్మ. దాని కిందే, అదే మనిషి, ఆ నెల స్కీము పోస్టరు. ఎంత అమ్మితే ఏ ఊరు టూరు తీసుకెళ్తారో అందులో ఉంది. దీపానికీ పోస్టరుకీ మధ్య వేలు తీసి పెట్టేంత వ్యవధి కూడా ఉన్నట్టు లేదు. ఖాలా చూసి ఉంటే నవ్వేది. వాడి గురించి ఆమెకున్న అభిప్రాయం ఇక్కడ అచ్చు వేయించదగింది కాదు.

ఆమె మెత్తని మనిషి కాదు. పోయినవాళ్ళందరూ మెత్తనివాళ్ళయిపోతారు మన రాతల్లో. ఈమె విషయంలో ఆ పని చెయ్యను. గొంతు పెద్దది, కోపం పెద్దది, కళ్ళద్దాలు ఇంకా పెద్దవి. కౌంటర్ వెనక కుర్చీ ఉన్నా కూర్చునేది కాదు. కూర్చోవలసింది ఎదుటివాళ్ళు. మిషన్ కొనడానికి వచ్చిన మనిషి రంగు, ధర, మోటారు అంటూ మొదలుపెడితే "ముందు కూర్చో, తర్వాత మాట్లాడు" అనేది. పాత గుడ్డముక్క ఒకటి ఇచ్చి, తిన్నగా ఒక కుట్టు వేయించేది. ఆ కుట్టు చూసి ఏ మిషన్ ఇవ్వాలో తనే చెప్పేది. ఖరీదైనది కావాలని పట్టుబట్టినవాళ్ళకు, "నీ కాలికి ఇది ఎక్కువమ్మా, ఏడాదాగి రా" అని పంపించిన సందర్భాలు నేను చూశాను. ఇలాంటి వ్యాపారి ఏరియా మేనేజర్‌కి నచ్చదని వేరే చెప్పాలా?

రిపేరు కోసం ఎవరైనా ఫోన్ చేస్తే "ఫోన్లో ఏడవకు, మిషన్ వినిపించు" అనేది. అవతలివాళ్ళు ఫోన్ మిషన్ పక్కన పెట్టి తొక్కేవారు. ఈమె కళ్ళు మూసుకుని విని, "బాబిన్ కేసు" అనో "బెల్టు" అనో తీర్పు చెప్పేది. సగం సార్లు తప్పేది. మా షాపు మెకానిక్ బాబాయ్ వెళ్ళి చూస్తే అది సూది వంకర. వచ్చి చెబితే, "నేనూ అదే అన్నాను" అని మొహం తిప్పుకునేది. బాబాయ్ నావైపు చూసి కన్ను గీటేవాడు. తప్పైనా ఒప్పైనా, అవతల మిషన్ ముందు కూర్చున్న మనిషికి మాత్రం తన మిషన్‌ని ఎవరో చెవిపెట్టి విన్నారన్న ధైర్యం ఉండేది. నాకు తెలిసి మా షాపు నడిచింది దాని మీదే.

ఇక ఆ దిక్కుమాలిన సాఫ్ట్‌వేర్ గురించి చెప్పాలి. ఖాలాని తలుచుకుంటూ దాన్ని వదిలెయ్యడం కుదరదు.

అంతకుముందు తెనాలి షాపులో ఒక ముసలి కంప్యూటరు ఉండేది. ఎవరికి ఏ మిషన్ అమ్మాం, ఎప్పుడు రిపేరు చేశాం, అన్నీ దాంట్లోనే. బాపట్ల కుర్రాడొకడు ఎప్పుడో రాసి ఇచ్చిన ప్రోగ్రాము, ఒకసారి కొన్నాం, అంతే. బాపట్ల, రేపల్లె షాపుల వాళ్ళం ఏం కావాలన్నా తెనాలికి ఫోన్ చేసి అడగాలి. ఆ బాధ ఉందన్నమాట నిజమే. అయినా ఖాలాకి మార్చే ఉద్దేశం లేదు. విజయవాడలో డీలర్ల మీటింగు పెట్టి, కస్టమర్లనందరినీ కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించాలని ఏరియా మేనేజర్ చెప్పాడు. అక్కడితో ఊరుకోకుండా, మైకు పట్టుకుని, "తెనాలి మేడమ్ గారికి కొంచెం కష్టమేమో, వయసు కదా" అన్నాడట. హాలంతా నవ్విందట. ఆ సాయంత్రమే ఆమె సంతకం పెట్టేసి వచ్చింది. మేమెవరం చెప్పినా వినని మనిషిని ఒక్క నవ్వుతో కొనేశారు.

ట్రైనింగ్ వీడియో కాల్‌లో. ఎక్కడో బెంగళూరులో కూర్చున్న కుర్రాడు, తెలుగువాడే, మాట్లాడేది మాత్రం కంపెనీ భాష. మేమంతా తెనాలి షాపులో తెర చుట్టూ మూగాం.

"ఇది బ్రౌజర్‌లోనే రన్ అవుతుంది మేడమ్. ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు. సబ్‌స్క్రిప్షన్ తీసుకుంటే చాలు."

"అంటే మేం కొనడం లేదా?" అంది ఖాలా.

"కొనరండి. వాడుకుంటారు."

"అద్దెకా?"

"అలా అనకండి మేడమ్. సర్వీస్ అనాలి."

"కట్టడం మానేస్తే?"

"యాక్సెస్ ఆగిపోతుందండి."

"మా కస్టమర్ల పేర్లు మేమే చూసుకోడానికి నీకు నెలనెలా అద్దె కట్టాలి. దాన్ని సర్వీస్ అనాలి. సరే, కానియ్యి."

కస్టమర్ రిలేషన్‌షిప్ అట దాని పేరులో. ఆ రిలేషన్‌షిప్ ఎలాంటిదంటే, పేరు రాయగానే ఈమెయిల్ అడుగుతుంది. అది లేకపోతే ముందుకు కదలదు. రేపల్లె పక్కన నగరం మండలంలో జాకెట్లు కుట్టుకునే ఆవిడకి ఈమెయిల్ ఎక్కడినుంచి తేవాలి? రేపల్లె షాపు పిల్ల అందరికీ తన ఈమెయిలే పెట్టేసింది. తర్వాత హోదా అడుగుతుంది. ఆ పిల్లకి ఒళ్ళు మండి, అమృతలూరు టైలరమ్మలందరికీ మేనేజింగ్ డైరెక్టర్ అని పెట్టింది. సాఫ్ట్‌వేర్ కిక్కురుమనలేదు. మనిషికి ఈమెయిల్ లేకపోతే అరిచి గోల చేసే ఆ వస్తువు, గేదెల పాలు పితికి వచ్చి మిషన్ ఎక్కే ఆవిణ్ణి డైరెక్టర్ అంటే నమ్మేసింది. దాని తెలివి అంతవరకే.

అసలు ముప్పు ఫోన్ నంబర్ దగ్గర వచ్చింది. మా వైపు పల్లెల్లో ఆడవాళ్ళు షాపుల్లో సొంత నంబర్ ఇవ్వరు. కొందరికి ఫోన్ ఉండదు. ఉన్నవాళ్ళ ఫోన్ పిల్లల చేతిలో ఉంటుంది. రీఛార్జి అయిపోయినప్పుడల్లా నంబరే మారిపోతుంది. అందుకని ఊళ్ళో ఎప్పుడూ ఎత్తే ఫోన్ ఏదుంటే అది ఇస్తారు. ఆ నగరం మండలంలోనే ఒక ఊళ్ళో ఆ ఫోన్ మ్యాచింగ్ సెంటర్ ఆయనది. దారాలు, లైనింగు గుడ్డలు, ఫాల్సులు అమ్ముతాడు. కుట్టేవాళ్ళంతా రోజూ ఒకసారైనా ఆయన షాపు మెట్లెక్కాల్సిందే. మేం ఫోన్ చేస్తే ఆయనే ఎత్తి, ఫలానా ఆవిడకి మీ మిషన్ వాళ్ళు చేశారమ్మా అని కబురు పెట్టేవాడు. ముసలి కంప్యూటర్‌లో ఆ ఊరి ఆడవాళ్ళ పేర్లన్నిటి పక్కనా కేరాఫ్ అని ఆయన పేరూ నంబరూ ఉండేవి, మా నోట్లో మాత్రం ఆయన మ్యాచింగ్ సెంటర్ ఆయనే. ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు.

పాత పేర్లన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించే రోజున ట్రైనర్ కుర్రాడు తెగ కంగారుపడ్డాడు. "చాలా డూప్లికేట్స్ ఉన్నాయి మేడమ్. ఒకే నంబర్ మీద బోలెడు పేర్లు. క్లీన్ చేసేద్దామా?"

శుభ్రం అంటే ఖాలాకి ప్రాణం. "చెయ్యి" అంది.

"అయిపోయింది మేడమ్. మీ డేటా చాలా క్లీన్‌గా ఉంది ఇప్పుడు."

ఖాలాకి సంతోషం వేసింది. అందరికీ టీ తెప్పించింది. ఆ ఊరి ఆడవాళ్ళంతా ఆ ఒక్క నొక్కుడుతో ఒకే కస్టమర్ అయిపోయారని, ఆ కస్టమర్ మ్యాచింగ్ సెంటర్ ఆయనేనని మాలో ఎవరికీ తెలియలేదు. ఇల్లు ఊడ్చమంటే మనుషుల్ని ఊడ్చి పారేశాడు, మేం టీ తాగాం.

కొన్నాళ్ళు గడిచాయి. ఒకరోజు అదే కుర్రాడు రివ్యూ అని కాల్ పెట్టి, రంగురంగుల బొమ్మలు చూపించాడు. పైకి పోయే గీతలు, ముక్కలు కోసిన వృత్తాలు. "మీ టాప్ కస్టమర్ రేపల్లె బ్రాంచ్‌లో ఉన్నారు మేడమ్. ఎన్ని మిషన్లు కొన్నారో చూడండి. ప్రతి సర్వీస్‌కీ ఫైవ్ స్టార్స్ ఇచ్చారు. ఇలాంటివాళ్ళని గుర్తించాలి మేడమ్, గిఫ్ట్ ఇవ్వాలి."

ఖాలా ఉబ్బిపోయింది. పేరు చూసింది, మగ పేరు. ఎవరో పెద్ద రెడీమేడ్ యూనిట్ పెట్టి ఉంటాడనుకుంది. ఫోన్ చేసి కనుక్కోవచ్చుగా అంటే, "పెద్ద మనుషుల్ని ఫోన్లో పలకరించకూడదు" అంది. తెనాలిలో మంచి శాలువా ఒకటి, స్వీట్ల డబ్బా ఒకటి కొంది. నన్ను బాపట్ల నుంచి రప్పించింది. ఇద్దరం రేపల్లె రైలెక్కి, అక్కడి నుంచి ఆటో మాట్లాడుకుని ఆ ఊరెళ్ళాం. దారంతా ఆ యూనిట్‌లో ఎన్ని మిషన్లు ఒకేసారి మోగుతుంటాయో ఊహించుకుంటూనే ఉంది.

ఊళ్ళో ఆ పేరు చెప్పి దారి అడిగితే, ఆటో మ్యాచింగ్ సెంటర్ ముందు ఆగింది. ఆయన గూటిలోంచి దారపు రీలు తీస్తూ మావైపు చూశాడు. ఆయన పేరు అడిగి, ఆయనే అని తేల్చుకుని, ఖాలా అక్కడికక్కడే శాలువా కప్పేసింది.

"ఇదెందుకమ్మా నాకు?"

"మా షాపులో అందరికంటే ఎక్కువ మిషన్లు కొన్నారు కదండీ."

"నాకు మిషనెక్కడిదమ్మా! గుండీ ఊడితే మా ఆవిడ కుట్టిపెట్టాలి."

ఖాలా నవ్వింది, వినయం అనుకుని. ఆయన నవ్వలేదు. ఫోన్ తీసి ఆయన ఖాతా తెరిచి, మిషన్ల వరస చదివాను. ఒక్కొక్క మిషన్‌కీ ఆయన ఒక్కొక్క ఆడమనిషి పేరు చెబుతూ పోయాడు, పాలకేంద్రం ఆవిడ, బడి వెనకావిడ, అంటూ.

"మరి ఐదు స్టార్లు ఇచ్చింది?" అంది ఖాలా.

"అది నేనేనండి. మెసేజీ వచ్చినప్పుడల్లా ఐదూ నొక్కేస్తాను. మీ షాపు మంచిదే కదా. తక్కువ నొక్కితే పాపం అక్కడ పనిచేసే పిల్లల ఉద్యోగాలు పోతాయేమోనని." తర్వాత ఆయన గొంతు తగ్గింది. "ఒక్క ఆ చివరింటి అమ్మాయి విషయంలోనే కొంచెం... మీవాళ్ళు రాలేదు గదమ్మా."

ఆ చివరింటి అమ్మాయి ఆ ఊళ్ళో జాకెట్లు, పిల్లల బడి బట్టలు కుట్టేది. భర్త పోయాక మిషన్ కొనుక్కుంది. ఇల్లు దాని మీదే నడిచేది. బడులు తెరిచే ముందు, ఇంటినిండా గుడ్డలున్న సమయంలో మిషన్ కుట్టు వదిలెయ్యడం మొదలుపెట్టింది. మ్యాచింగ్ సెంటర్ ఫోన్ నుంచి మా రేపల్లె షాపుకి ఫిర్యాదు చేసింది. ఆ వారమే అదే ఊళ్ళో ఇంకొకావిడ మిషన్‌కి బాబాయ్ షటిల్ మార్చి వచ్చాడు. ఆ పని అయిపోయిందని నొక్కగానే, కస్టమర్ ఒక్కడే కాబట్టి, సాఫ్ట్‌వేర్ రెండు ఫిర్యాదులూ మూసేసింది. మ్యాచింగ్ సెంటర్ ఆయనకి మెసేజీ వెళ్ళింది. ఆయన ఐదూ నొక్కాడు. ఆ అమ్మాయి మళ్ళీ ఫోన్ చేస్తే, మా షాపు పిల్ల తెర చూసి, "మీది అయిపోయిందని ఉందమ్మా, కస్టమర్ హ్యాపీ అని కూడా ఉంది" అని చెప్పింది. మళ్ళీ చేస్తే మళ్ళీ అదే చెప్పింది. ఆ పిల్లనేం అంటాం, తెరని నమ్మమని ట్రైనింగ్ ఇప్పించింది మేమే.

మేం ఆ ఇంటికెళ్ళేసరికి తాళం ఉంది. అరుగు మీద కూర్చున్నాం. పొద్దువాలాక వచ్చిందా అమ్మాయి. రొయ్యల షెడ్డులో పనికి పోతోందట. ఐసులో నాని నాని చేతివేళ్ళు తెల్లగా ఉబ్బిపోయి ఉన్నాయి. ఖాలాని గుర్తుపట్టింది. తలుపు తీసి, చాప వేసింది. మూలన మిషన్ ఉంది. దాని మీద చీర కప్పి, పైన బియ్యం బస్తా పెట్టి ఉంది.

"నూనె..." అని మొదలుపెట్టి ఖాలా ఆగిపోయింది. తర్వాత, "మళ్ళీ మళ్ళీ ఫోన్ చెయ్యకపోయావా అమ్మా? తెనాలి రాకపోయావా? నన్ను తిట్టకపోయావా?" అంది.

ఆ అమ్మాయి కోపంగా కూడా అనలేదు. "మీరు బాగుందని రాసుకున్నారంట గదండీ. మరింక బాగుచెయ్యడానికేముంది?"

ఖాలా లేచింది. బస్తా తనే పక్కకి లాగింది. చీర తీసి, ఆ మసక వెలుతురులో కళ్ళద్దాలు మిషన్‌కి ఆనించి ఏదో విప్పింది, ఏదో బిగించింది, ఏమీ చేతకాలేదు. ఆ రాత్రి రేపల్లెలో ఉండి, మర్నాడు పొద్దున్నే మెకానిక్ బాబాయ్‌ని వెంటబెట్టుకుని మళ్ళీ వెళ్ళాం. ఆయన టైమింగ్ సరిచేస్తే మిషన్ కొత్తదానిలా నడిచింది. కానీ కుట్టడానికి గుడ్డ లేదు.

ఎందుకంటే ఆ అమ్మాయి అప్పటికే అందరి గుడ్డలూ ఇళ్ళకెళ్ళి తిరిగి ఇచ్చేసింది, కొన్ని కత్తిరించినవి కూడా. పిల్లలు పాత బట్టలతోనే బడికి పోయారు. ఊరు మరిచిపోలేదు. "మాట పోయిందండీ" అంది ఆ అమ్మాయి. "మిషన్ బాగైంది గానీ మాట బాగవ్వద్దా?" పాలకేంద్రం ఆవిడైతే మా మొహం మీదే, "కత్తిరించిన గుడ్డ వెనక్కి తెచ్చిచ్చిన మనిషికి మళ్ళీ ఎట్టా ఇస్తామండీ" అంది.

రైల్లో తిరిగివస్తూ ఖాలా నాతో ఒక్క మాటే అంది. "చెయ్యి అన్నది నేనే."

ఇంటికొచ్చాక ట్రైనర్‌కి ఫోన్ చేయించింది. కలిపేసిన వాళ్ళని మళ్ళీ విడదియ్యమంది.

"మెర్జ్ అయ్యాక వెనక్కి రాదు మేడమ్."

"అన్నంలో పెరుగు కలిపితే వెనక్కి రాదు నాయనా. మనుషులకేం?"

"సిస్టమ్ అలా డిజైన్ చేశారు మేడమ్. కావాలంటే ఫీచర్ రిక్వెస్ట్ పెడతాను."

ఆ రిక్వెస్ట్ ఏమైందో ఇప్పటికీ తెలియదు. ఏ చక్రంలో తిరుగుతోందో. మేమే ఊరూరా తిరిగి, ఒక్కొక్కరి పేరూ విడిగా ఎక్కించాం. మేం చేసిన తప్పుకి నెలనెలా అద్దె కడుతూ, దాన్ని మేమే చేత్తో సరిదిద్దుకున్నాం. సర్వీస్ అంటే ఇదన్నమాట.

ఖాలా మాత్రం పేర్లు ఎక్కించి ఊరుకోలేదు. రేపల్లె షాపు చూసుకోవడానికి వెళ్ళిన ప్రతిసారీ ఆటో ఎక్కి ఆ ఊరికి పోయేది. మ్యాచింగ్ సెంటర్ మెట్టు మీద కూర్చునేది. జీవితమంతా నిలబడి వ్యాపారం చేసిన మనిషి, పరాయి ఊళ్ళో, ఎవరిదో మెట్టు మీద కూర్చునేది. దారానికో హుక్కులకో వచ్చిన ప్రతి ఆడమనిషినీ ఆపి, "అమ్మా, ఒక్క మాట. నేను తెనాలి మిషన్ల షాపు ఆవిణ్ణి. ఆ చివరింటి పిల్ల మీ గుడ్డలు తిరిగిచ్చింది మావల్ల. మేం రిపేరు చెయ్యకుండానే చేసినట్టు రాసుకున్నాం. తప్పు మాది, ఆ పిల్లది కాదు" అని చెప్పేది. విన్నవాళ్ళు విన్నారు, నవ్వినవాళ్ళు నవ్వారు. చెప్పినవాళ్ళకే మళ్ళీ చెబుతోందని మ్యాచింగ్ సెంటర్ ఆయన మొహమాటపడుతూ అంటే, "వాళ్ళు ఒక్కసారే మాటన్నారా ఆ పిల్లని?" అందట.

తన జాకెట్లన్నీ ఆ అమ్మాయికే ఇచ్చేది. అవసరం లేకపోయినా కొత్త గుడ్డలు కొని ఇచ్చేది. ఆ అమ్మాయి ఆదివారాలు షెడ్డు సెలవున్నప్పుడు కుట్టిపెట్టేది, అది కూడా ఖాలా మొహం చూసి. ఇంకెవరూ ఒక్క గుడ్డ ఇవ్వలేదు. ఈ తిరుగుళ్ళ సంగతి చెబితే ట్రైనర్ కుర్రాడు ఏమన్నాడో చెప్పనా? "సూపర్ మేడమ్. ప్రతి విజిట్‌నీ యాక్టివిటీ కింద లాగ్ చెయ్యండి, ఎంగేజ్‌మెంట్ స్కోర్ పెరుగుతుంది." ఖాలా ఫోన్ నా చేతికిచ్చి, "వీడికి నువ్వే ఏదన్నా చెప్పు, నాకు నోరు పాడవుతుంది" అంది.

మీరడుగుతారు, మరి దాన్ని తీసి పారెయ్యలేదా అని. లేదు. నేనైతే ఆ రోజే పారేసేదాన్ని. ఖాలా ఒప్పుకోలేదు. బాపట్లలో నాకు వారంటీ కోసం తెనాలికి ఫోన్ చేసే బాధ తప్పిందని ఆమెకి తెలుసు. అదొక్కటీ అది బాగానే చేస్తుంది, చక్రం ఆగితే. "అది చెప్పేది చూడండి, నమ్మకండి" అని మూడు షాపుల్లోనూ హుకుం వేసింది. ఎవరి ఫిర్యాదైనా అయిపోయిందని నొక్కేముందు, ఆ మనిషితోనే మాట్లాడి, మిషన్ తొక్కించి, ఆ చప్పుడు వినాలి. ఇప్పటికీ అదే నియమం. నేను విన్నదాంట్లోనూ సగం తప్పే. విన్నాను కదా, అది చాలు.

పోయే ముందు వారం బాపట్ల వచ్చింది. నా షాపులో నిలబడి, సాసర్లో టీ పోసుకుని ఊదుకుంటూ, "ఆ ఊళ్ళో ఇంకా ఒక్కళ్ళూ ఇవ్వలేదే" అంది. ఆమెని మోకాళ్ళు బాధపెడుతున్నాయి, షుగర్ బాధపెడుతోంది. ఆమె చెప్పుకున్న బాధ అదొక్కటే. ఇస్తార్లే ఖాలా అన్నాను, మాటవరసకి. ఆమెకి మాటవరస మాటలు గిట్టవు. టీ తాగేసి రైలుకి వెళ్ళిపోయింది. అదే ఆఖరు. ఆమె ముందు నేనన్న ఆఖరి మాట నేనే నమ్మనిది కావడం నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

మూడోనాటి జియారత్ ప్రార్థనలు అయిన మర్నాడు ట్రైనర్ ఫోన్ చేశాడు. సబ్‌స్క్రిప్షన్ గడువు దగ్గరపడిందట. సంగతి చెప్పాను. పాపం, "అయ్యో" అన్నాడు, నిజంగానే. అక్కడితో ఆగి ఉంటే నేనతన్ని మనిషి కింద జమకట్టేదాన్ని. ఆగలేదు. "మేడమ్, కస్టమర్లందరికీ ఇన్ఫార్మ్ చెయ్యాలి కదా. బల్క్ మెసేజ్ పెట్టేద్దాం. టెంప్లేట్ నేనే చేసిస్తాను. ఒక్క క్లిక్ అంతే."

ఒక్క క్లిక్‌తో ఏం జరుగుతుందో మాకు తెలుసు. వద్దన్నాను. మా ఖాలా పోయిందని చెప్పాలంటే మనిషే పోయి చెప్పాలి, గుమ్మంలో నిలబడి చెప్పాలి. పెద్ద మనుషుల్ని ఫోన్లో పలకరించకూడదని ఖాలా ఎవరినో ఊహించుకుని అంది గానీ, మాట తప్పు కాదు. అలా ఊరూరా వెళ్ళి చెప్పడం మొదలుపెట్టాను. చివరికి ఆ ఊరి వంతు వచ్చింది. ఆ ఊరిని ఆఖరికి నెట్టింది నేనే. ఎవరూ గుడ్డ ఇవ్వని ఇంటికి, ఇచ్చే ఆ ఒక్క మనిషీ లేదని చెప్పడానికి పోవాలి.

పనిరోజు కాబట్టి షెడ్డు నుంచి వచ్చేదాకా ఆగాలనుకుంటూ ఆ చివరింటి వైపు నడిచాను. తలుపు తీసే ఉంది. లోపల ఆ అమ్మాయి నిలబడి ఉంది. ఆమె ముందు, తలుపువైపు వీపు పెట్టి, పాలకేంద్రం ఆవిడ. చేతులు రెండూ కొంచెం ఎడంగా పెట్టి నిలబడింది. ఆ అమ్మాయి టేపు ఆమె భుజాల మీద పరిచి, పెదాల మధ్య చాక్‌పీస్ పట్టుకుని, వంగి అంకె చూస్తోంది. మంచం మీద ఇంకో రెండు కవర్లలో గుడ్డలున్నాయి. ఎవరివో.

"చెయ్యి దించండి పిన్నీ. ఊపిరి బిగబట్టకండి, తర్వాత బిగుతైందంటారు."

"నువ్వు సరిగ్గా చూడు. ఆ తెనాలావిడ వచ్చి నా ప్రాణం తోడేసింది. ఈసారి వస్తే చెప్పు, ఇచ్చానని."

"చెబుతానండి. ఆదివారం వస్తారు."

నేను గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తగ్గి, గోడ పక్కన ఎండలో నిలబడ్డాను. లోపల భుజం అయింది, ఛాతీ అయింది, చెయ్యి పొడవు చూస్తున్నారు. తొందరేముంది, అన్నీ తీసుకోనీ. ఆ కొలతలు పూర్తయ్యేదాకా ఆ ఇంట్లో మా ఖాలా బతికే ఉంటుంది.